మునగకముందు మార్డేల్

మాంచెస్టర్‌లో మనవాళ్ళు నెలకోసారి కలుసుకునే చోట పోయిన ఆదివారం జరిగిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తీసేశాం, మాట తీరు మాత్రం అలాగే ఉంచాం.

అందరికీ నమస్కారం అండి. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? ఆ, సరే. మైకు కొంచెం గొణుగుతోంది గానీ సర్దుకుపోదాం.

ముందు ఒక ప్రశ్న. ఇదిగో, బల్ల మీద నాకోసం గ్లాసు నీళ్ళు పెట్టారు. కుళాయి నీళ్ళే కదమ్మా? ఈ నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయో ఎవరైనా చెప్పగలరా? ఎవరో యునైటెడ్ యుటిలిటీస్ అన్నారు. అది బిల్లు పంపేవాళ్ళ పేరు బాబూ, నేనడుగుతున్నది నీళ్ళ పుట్టిల్లు ఎక్కడా అని. ఇక్కడికి ఉత్తరాన లేక్ డిస్ట్రిక్ట్ అనే కొండలూ సరస్సులూ ఉన్న ప్రాంతంలో తూర్పు అంచున హాజ్‌వాటర్ అని ఒక రిజర్వాయర్ ఉంది, అక్కడి నుంచి 110 కిలోమీటర్లు సొరంగాల్లోనూ పైపుల్లోనూ, ఒక్క మోటారు లేకుండా, నీరు పల్లమెరుగు అన్నట్టు తనంతట తనే దొర్లుకుంటూ వస్తుంది. రోజుకి 57 కోట్ల లీటర్లు, సుమారు 25 లక్షల మందికి. అటువైపే ఉన్న థర్ల్‌మియర్ అనే ఇంకో రిజర్వాయర్ నీళ్ళూ అవీ కూడా కలుస్తాయనుకోండి, అయినా ఈ గ్లాసులో హాజ్‌వాటర్ చుక్క లేదని ఎవరూ ప్రమాణం చేయలేరు.

ఆ హాజ్‌వాటర్ అడుగున ఒక ఊరు ఉంది. ఉంది అనాలా, ఉండేది అనాలా? మార్డేల్ గ్రీన్ దాని పేరు. దాని గురించి నెట్‌లో వెతికితే ఎక్కడ చూసినా మునిగిన ఊరు, మునిగిన ఊరు, ఇదే మాట. కొంతమందైతే నీళ్ళ కింద చర్చి గంట మోగుతుందని కూడా చెప్తారు. ఏం మోగుతుందండీ, నీళ్ళు రాకముందే చర్చిని రాయి రాయి విడగొట్టి పట్టుకుపోతే! నాకు దీనిమీదే కొంచెం కోపం. ఆ ఊరు బతికున్నన్నాళ్ళు ఎవరికీ పట్టలేదు, పోయాక పేరొచ్చింది. అందుకని ఇవాళ నేను ముంపు గురించి తక్కువ, ముంపుకి ముందు అక్కడ మనుషులు ఎలా బతికారో ఎక్కువ చెప్తాను. ముంపు కథ మనకి కొత్తా ఏమన్నానా? మాది ఆత్మకూరు దగ్గర, మా అమ్మమ్మ పుట్టిన ఊరు శ్రీశైలం డ్యామ్ కింద పోయింది. 1981లో ఖాళీ చేయించినప్పుడు నేను చిన్నవాణ్ణి. సరే, అది తర్వాత చూద్దాం.

ముందు ఆ చోటు ఎలా ఉంటుందో చెప్పాలి. రెండు చేతులూ దోసిలి పట్టండి. పట్టండి పట్టండి, సిగ్గుపడకండి. ఆ దోసిలి అడుగు మార్డేల్. మూడు పక్కలా కొండలు, మీ మణికట్టు వైపు మాత్రం తెరిపి, అటు నుంచే నీళ్ళు బయటికి పోతాయి. పడమట హై స్ట్రీట్ అనే కొండ. ఈ దేశంలో హై స్ట్రీట్ అంటే మనకి తెలిసింది షాపింగ్ కదా, అక్కడ హై స్ట్రీట్ 828 మీటర్ల కొండ! దాని నెత్తి మీదుగా రోమన్లు దారి వేశారు, ఆ దారి వల్లే ఆ పేరు. కింద లోయలు బురద, అడవి, అందుకని వాళ్ళు శిఖరం వెంబడే నడిచారు. దక్షిణాన హార్టర్ ఫెల్. కొండకీ కొండకీ మధ్య రెండు కనుమలు, ఒకటి నాన్ బీల్డ్, కెంట్‌మియర్‌కి దిగుతుంది, రెండోది గేట్స్‌కార్త్, లాంగ్‌స్లెడ్‌డేల్‌కి దిగుతుంది. పైన చిన్న గుంటలు, వాటిని అక్కడ టార్న్ అంటారు. బ్లీ వాటర్ అనే టార్న్ చూడ్డానికి ఊరి చెరువంత కూడా ఉండదు, లోతేమో 63 మీటర్లు. అలాంటి టార్న్‌లలో లేక్ డిస్ట్రిక్ట్ మొత్తం మీద అదే లోతైనది. మంచు నది కొండని గరిటెతో తోడినట్టు తోడేసి వెళ్ళింది.

పేర్లు గమనించారా? ఫెల్, టార్న్, బెక్, డేల్, గిల్. ఇవేవీ లండన్ ఇంగ్లీషు కాదు. వెయ్యేళ్ళ కిందట నార్వే వైపు నుంచి వచ్చినవాళ్ళ మాటలు. బెక్ అంటే వాగు, ఫెల్ అంటే కొండ. వాళ్ళు వచ్చి గొర్రెలు పెట్టారు, మాటలు పెట్టారు. రాజులు మారారు గానీ వాగు పేరు మారలేదు. మన దగ్గరా అంతే కదా, జిల్లా పేరు ఎన్నిసార్లు మార్చినా వంక పేరు వంకదే.

ఇక ఊరు. ఊరంటే మీరు ఏదో ఊహించుకోవద్దు. పట్టుమని పది కొంపలు ఒక్కచోట లేవు. ఒక చిన్న చర్చి, డన్ బుల్ అని ఒక సత్రం, అంటే తాగడానికి తాగడం, పడుకోడానికి పడక, అక్కడక్కడ విసిరేసినట్టు రైతుల ఇళ్ళు. ఒక ఇంటి పేరు గూస్‌మైర్, అంటే బాతుల బురదగుంట అనుకోండి. నాకు భలే నచ్చింది ఆ పేరు, మా ఊళ్ళో కూడా ఒకాయన పొలాన్ని కొంగల మడుగు అనేవాళ్ళు. లోయ మధ్యలో సహజమైన సరస్సు, పొడవు నాలుగు కిలోమీటర్లు. ఒక పక్క వాగు తెచ్చి పోసిన మట్టి నాలుకలా లోపలికి చొచ్చుకొచ్చి ఆ సరస్సుని దాదాపు రెండు ముక్కలు చేసింది. ఆ మట్టి మేట మీద మీసాండ్ అని ఇంకో చిన్న పల్లె.

ఆ ఊరికి రాజు ఉండేవాడు! నవ్వకండి, నిజంగానే. హోమ్ అని ఒక కుటుంబం, వాళ్ళని మార్డేల్ రాజులు అనేవాళ్ళు. కథేంటంటే 1209 ప్రాంతంలో ఇంగ్లాండ్ రాజు జాన్ మీద కుట్రలో ఇరుక్కుని హ్యూ హోమ్ అనేవాడు ఉత్తరానికి పారిపోయి వచ్చి, రిగ్గిండేల్ అనే పక్క లోయలో గుహలో దాక్కున్నాడు, తర్వాత జాన్ చచ్చిపోయినా మనవాడు వెనక్కి పోలేదు, అక్కడే భూమి చేసుకున్నాడు. గుహని ఇప్పటికీ హ్యూ గుహ అంటారు. కుట్ర సంగతి ఎంత నిజమో గానీ ఆ కుటుంబం మాత్రం వందల ఏళ్ళు అక్కడే ఉంది, వంశంలో చివరి మగాడు, ఆయన పేరూ హ్యూ నే, 1885లో పోయాడు. రాజు అంటే కిరీటం లేదు, పన్ను లేదు. గొర్రెల రాజు. ఊళ్ళో తగువు వస్తే ఆయన మాటకి విలువ, అంతవరకే.

గొర్రెలు అన్నాను కదా. అసలు ఆ ఊరి చరిత్ర అంతా గొర్రెల చరిత్రే. మీరు ఆ కొండల మీద చూస్తే పైన కంచెలు పెద్దగా ఉండవు, అంతా ఉమ్మడి మేత. మరి ఎవరి గొర్రె ఎటు పోతుందో ఎలా? ఇక్కడే ఒక తమాషా. గొర్రెకి తన చోటు తెలుసు. తల్లి మేసిన వాలులోనే పిల్ల మేస్తుంది, పిల్ల పెద్దదై దాని పిల్లకి అదే నేర్పుతుంది. దీన్ని హెఫ్ట్ అంటారు. ఎవరూ గీత గీయలేదు, హద్దురాయి పాతలేదు, హద్దు గొర్రె బుర్రలో ఉంది. అందుకే అక్కడ పొలం చేతులు మారినప్పుడు చాలాచోట్ల మంద కూడా పొలంతోపాటే పోతుంది, గొర్రెల్ని వేరే కొండకి తోలుకుపోయి అమ్మితే కొత్త గొర్రెలకి ఈ కొండ తెలియదు, మళ్ళీ నేర్పడానికి ఏళ్ళు పడుతుంది. రైతు మారతాడు, గొర్రె మారదు.

అయినా తప్పిపోయేవి ఉంటాయి. మన ఊళ్ళో అయితే బందెలదొడ్డిలో పెట్టి డబ్బులు కట్టించుకునేవాళ్ళు. అక్కడేమో, ప్రతి రైతుకీ ఒక గుర్తు, చెవి ఫలానా విధంగా కత్తిరించడం, ఉన్ని మీద ఫలానా చోట ఎరుపో నీలమో రంగు చార. ఎవరి గుర్తేదో బొమ్మలు వేసి పుస్తకం కూడా అచ్చేశారు, ఎప్పుడు? 1817లోనే, పక్క లోయవాడే వేయించాడు. ఏటా నవంబర్‌లో డన్ బుల్ దగ్గర కాపరుల జాతర, ఎవరి మందలో ఎవరి గొర్రె కలిసిందో తోలుకొచ్చి అప్పజెప్పేవాళ్ళు. అప్పజెప్పడం ఎంతసేపండీ? గంట. మిగతాదంతా తాగుడు, పాటలు, నక్కల వేట, పరుగు పందాలు. జాతర రోజుల తరబడి సాగేది. అంతకుముందైతే హై స్ట్రీట్ శిఖరం మీదే కలిసేవాళ్ళట, గుర్రప్పందాలు కూడా అక్కడే, ఆ చదునుని ఇప్పటికీ మ్యాపుల్లో రేస్‌కోర్స్ హిల్ అనే రాస్తారు. 800 మీటర్ల పైన గుర్రప్పందెం! గాలికి నిలబడ్డమే కష్టం అక్కడ, నేను టోపీ పోగొట్టుకున్నాను.

లెక్క కూడా వేరు వాళ్ళది. గొర్రెల్ని వన్ టూ త్రీ అని లెక్కపెట్టరు. యాన్, ట్యాన్, టెథెరా, మెథెరా, పింప్. అది ఐదు. పది అంటే డిక్, పదిహేను అంటే బంఫిట్. పిల్లలు నవ్వుతున్నారు, నవ్వండి, బంఫిట్ అంటే ఎవరికైనా నవ్వొస్తుంది. ఈ లెక్క ఇంగ్లీషు కన్నా పాత భాషలది, వెల్ష్‌కి దగ్గర, వెల్ష్‌లో ఇప్పటికీ ఐదుని అలాగే అంటారు. భాష పోయింది, గొర్రెల దగ్గర లెక్క మిగిలింది. మనకి ఇలాంటిది లేదా? కళ్ళంలో వడ్లు కొలిచేటప్పుడు ఒకటి అనేవాళ్ళా మన పెద్దవాళ్ళు? అనరు. లాభం, రెండు, మూడు... అవును అమ్మా, మీకు గుర్తుంది, సంతోషం.

ఇప్పుడు చావు గురించి చెప్పాలి. నేను అసలు ఇక్కడికి వచ్చి ఈ ఊరు గురించి మాట్లాడాలనుకున్నది ఈ ఒక్క విషయం కోసమే.

మార్డేల్‌లో చర్చి ఉండేది గానీ శవాన్ని పాతిపెట్టే హక్కు చాలా కాలం దానికి లేదు. అప్పట్లో ఆ హక్కు పెద్ద చర్చిలకే. మార్డేల్‌కి పెద్ద చర్చి షాప్ అనే ఊళ్ళో. షాప్ అంటే కొట్టు కాదండీ, ఊరి పేరే షాప్. అది కొండకి అవతల. మనిషి పోతే శవాన్ని గుర్రం మీద కట్టి, సరస్సు ఒడ్డు నుంచి నిటారుగా వంకరలు తిరుగుతూ కొండెక్కి, అవతల స్విండేల్ లోయలోకి దిగి, మళ్ళీ ఎక్కి షాప్ చేరాలి. మంచులో, వానలో. పాడె మోయడానికి నలుగురు అంటాం మనం, అక్కడ నలుగురు పక్కపక్కన నడిచే దారి కాదది, అందుకే గుర్రం. ఆ దారిని ఇప్పటికీ కార్ప్స్ రోడ్ అంటారు, మన మాటల్లో పాడెబాట. ఇవాళ్టికీ బోర్డు ఉంది. అలా చివరిసారి వెళ్ళిన శవం 1736లో. తర్వాత మార్డేల్‌కి సొంత శ్మశానం వచ్చింది. హమ్మయ్య అనుకుని ఉంటారు కదా? ఇక మనవాళ్ళు మన చెంతే ఉంటారు, చర్చి పక్కనే, రోజూ చూసుకోవచ్చు అని.

రెండొందల ఏళ్ళు అలాగే గడిచింది.

1919లో మాంచెస్టర్ కార్పొరేషన్ పార్లమెంటులో చట్టం తెచ్చుకుంది, హాజ్‌వాటర్‌ని రిజర్వాయర్ చేస్తామని. నగరానికి నీళ్ళు చాలట్లేదు, థర్ల్‌మియర్ నీళ్ళు 1894లోనే తెచ్చారు, అవీ సరిపోలేదు. 1929లో పని మొదలైంది. మధ్యలో మాంద్యం వచ్చి ఆగింది, మళ్ళీ మొదలైంది. నేను సివిల్ ఇంజనీర్ని కాబట్టి ఆ డ్యామ్ గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. గోడ పొడవు 470 మీటర్లు. లోపల డొల్ల. నిండు గోడ కాదు, 44 ముక్కలు, ఒక్కో ముక్కకి వెనక నుంచి దన్ను, మధ్యలో ఖాళీ. కాంక్రీటు బోలెడు ఆదా. ఇలాంటి డొల్ల గోడ డ్యామ్ ప్రపంచంలో అదే మొదటిది అంటారు. ఇంజనీరుగా చూస్తే చేతులెత్తి దండం పెట్టాలి. సరస్సు మట్టం 29 మీటర్లు పెరిగింది. 29 అంటే తొమ్మిది పది అంతస్తులు. అంతలోతు నీళ్ళు ఊరి మీద అని కాదు, పాత సరస్సు మీద, ఊరు ఎగువ చివరన ఉంది కాబట్టి దాని మీద తక్కువ. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

నీళ్ళు వస్తే శ్మశానం? శవాలు తాగే నీళ్ళలో ఉండకూడదు కదా. తవ్వి తీశారు. దాదాపు వంద మంది. ఎక్కడికి తీసుకెళ్ళారనుకున్నారు?

షాప్‌కి.

అదీ సంగతి. 1736లో ఆగిన ప్రయాణం రెండొందల ఏళ్ళకి మళ్ళీ మొదలై, ఊళ్ళోనే పడుకోవచ్చు అనుకున్న అదే జనం, వాళ్ళ పిల్లలు, మనవలు, అందరూ కలిసి మళ్ళీ షాప్‌కే. నేను మొదటిసారి ఇది చదివినప్పుడు పుస్తకం మూసేసి కాసేపు బయట తిరిగొచ్చాను.

చర్చిలో చివరి ప్రార్థన 1935 ఆగస్టు 18న. కార్లైల్ బిషప్ వచ్చాడు. చర్చిలో పట్టేది 75 మంది, అందుకని టికెట్లు పెట్టారు, ప్రార్థనకి టికెట్! మిగతా వందల మంది బయట గడ్డిలో నిలబడి లౌడ్‌స్పీకర్లలో విన్నారు. నేనిందాక అన్నానే, బతికున్నన్నాళ్ళు ఎవరికీ పట్టలేదని. ఆ రోజు అంతమంది వచ్చారు. అంతకుముందు ఆదివారాలు ఎంతమంది వచ్చి ఉంటారు? తర్వాత చర్చి విప్పేశారు. రాయి డ్యామ్ పనికి పోయింది, కిటికీలు రిజర్వాయర్ ఒడ్డున నీళ్ళు తోడే టవర్‌కి పెట్టారు. మన కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని శ్రీశైలం ముంపు నుంచి విప్పుకొచ్చి అలంపురంలో మళ్ళీ నిలబెట్టారు చూడండి, ఇక్కడ ఆ పని చేయలేదు. డన్ బుల్, మిగతా ఇళ్ళు, వాటిని మిలిటరీ ఇంజనీర్లు పేల్చేశారు, వాళ్ళకి పేలుడు మందు ప్రాక్టీసు అయింది. డన్ బుల్ పోయినందుకు బదులుగా 1937లో తూర్పు ఒడ్డున హాజ్‌వాటర్ హోటల్ కట్టారు. పాత రోడ్డు పడమటి ఒడ్డున ఉండేది, మునిగింది, కొత్తది తూర్పున వేశారు. 1941కి మొదటి నీళ్ళు కదిలాయి, మాంచెస్టర్ దాకా పూర్తి లైను అయ్యేసరికి 1955.

ఎవరో అడుగుతున్నారు, మరి ఇప్పుడు ఏమైనా కనిపిస్తుందా అని. కనిపిస్తుందండి. అందుకే ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను. ఊరు ఎగువ చివరన ఉంది కాబట్టి గట్టిగా ఎండ కాసిన ఏడాది నీళ్ళు వెనక్కి జరిగితే ముందు బయటపడేది మార్డేలే. 1984లో పడింది, 1995లో పడింది, అప్పుడు జనం కార్లు వేసుకుని తిరునాళ్ళకి వచ్చినట్టు వచ్చారు. 2021లో నేనూ వెళ్ళాను. మా ముచ్చుమర్రి దగ్గర సంగమేశ్వరం గుడి చూడండి, ఏటా ఎండాకాలం నీళ్ళు తగ్గగానే బయటికి వస్తుంది, పూజారి వెళ్ళి మళ్ళీ దీపం పెడతాడు, మా అమ్మమ్మ అక్కడికి వెళ్ళి నిలబడి తన ఊరు ఎటువైపో చేత్తో చూపించేది, అంతా నీళ్ళే, ఆమెకి మాత్రం వీధులతో సహా కనిపించేది. సరే.

మార్డేల్‌లో నేను చూసింది చెప్తాను. ముందు బురద. ఎండి పలకలు పలకలుగా పగిలింది, పైకి గట్టిగా ఉంది కదా అని అడుగు వేశాను, మోకాలి దాకా దిగింది. ఒక బూటు అక్కడే ఉంది ఇప్పటికీ. నవ్వండి, నవ్వండి, మా ఆవిడ కూడా ఇలాగే నవ్వింది. మీరెవరైనా వెళ్తే రాళ్ళున్న చోటే నడవండి. తర్వాత వంతెన. వాగు మీద చిన్న రాతి వంతెన, ఎద్దుబండి పట్టేంత వెడల్పు. ఎనభై ఏళ్ళకి పైగా నీళ్ళలో ఉండి చెక్కుచెదరలేదు. ఇళ్ళన్నీ పేల్చినవాళ్ళు దాన్ని ఎందుకు వదిలేశారో! దాని మీద నిలబడితే కింద వాగు పాత దారిలోనే పారుతోంది. రిజర్వాయర్ తగ్గగానే వాగు తన గాడి వెతుక్కుని మళ్ళీ అందులోకే వచ్చేసింది.

అన్నిటికన్నా ఎక్కువ నన్ను పట్టి ఆపింది గోడలు. పొలం గోడలు. సున్నం లేదు, మట్టి లేదు, రాయి మీద రాయి. రెండు వరసలు కొంచెం వాల్చి కడతారు, మధ్యలో చిన్న రాళ్ళు కూరతారు, అక్కడక్కడ ఒక పొడుగు రాయి అటూ ఇటూ దాటేలా అడ్డంగా పెడతారు, అదే తాళం. ఆ తాళం రాళ్ళు ఇంకా గోడలోంచి పొడుచుకుని కనిపిస్తున్నాయి. ఒక చోట గుమ్మం రాయి, నిలువు రాయికి వరసగా కన్నాలు, ఆ కన్నాల్లో కర్రలు దూర్చి గేటు వేసేవాళ్ళు. వేలు పెట్టి చూశాను. కన్నం అంచు నున్నగా అరిగి ఉంది. కర్ర తీసి పెట్టి, తీసి పెట్టి, ఎన్ని వందల సార్లో. నీళ్ళు అరగదీసినవి కావవి, చేతులు అరగదీసినవి.

కొండల సంగతి కూడా కొంచెం చెప్పి ఆపేస్తాను, టైమ్ చూపిస్తున్నారు. ఊరు పోయాక ఆ లోయలో మనుషుల గోల తగ్గింది, రిగ్గిండేల్‌లో 1969లో బంగారు గద్దల జంట వచ్చి గూడు పెట్టింది. ఇంగ్లాండ్ మొత్తం మీద చివరికి మిగిలిన గద్దలు అక్కడివే. 2004లో ఆడది పోయింది, మగది ఒంటరిగా ఏటా ఆకాశంలో ఎగిరి తోడు కోసం విన్యాసాలు చేసేది, ఎవరూ రాలేదు. 2015 తర్వాత అదీ కనిపించలేదు. గద్ద ఉన్న రోజుల్లో చూడలేకపోయానని నాకు ఇప్పటికీ బాధే. ఇప్పుడు పక్షుల సంస్థ ఒకటి నీళ్ళ కంపెనీ దగ్గర అక్కడి పొలాలు తీసుకుని నడుపుతోంది, స్విండేల్‌లో ఎప్పుడో తిన్నగా చేసేసిన వాగుని 2016లో మళ్ళీ వంకర్లు తిప్పారు. అదే స్విండేల్, శవాలు దాటిన లోయ. వంకర్లు తిప్పిన కొద్ది నెలలకే సాల్మన్ చేపలు వచ్చి గుడ్లు పెట్టాయి. వాగుని తిన్నగా చేయడానికి డబ్బు పెట్టి, మళ్ళీ వంకర చేయడానికి డబ్బు పెట్టి... ఇంజనీర్లం కదా, మాకు రెండు వైపులా జీతమే.

వెళ్ళాలనుకుంటే కారే దిక్కు. బాంప్టన్ మీదుగా బర్న్‌బ్యాంక్స్ దాటితే ఒక్కటే రోడ్డు, సరస్సు పక్కన పోయి పోయి మార్డేల్ హెడ్ దగ్గర అయిపోతుంది, అక్కడ చిన్న పార్కింగ్, సెలవు రోజుల్లో పొద్దున్నే నిండిపోతుంది. ఎండిన ఏడాది కోసం చూడక్కర్లేదు. నిండుగా ఉన్నప్పుడే వెళ్ళండి. చివరికి రాకముందు ఎడమ చేతి వైపు పాడెబాట బోర్డు కనిపిస్తుంది, అక్కడ ఎక్కండి. పావుగంటలో ఆయాసం వస్తుంది, వస్తే ఆగి వెనక్కి తిరిగి చూడండి. అవతలి కొండ మీద ఒక గోడ తిన్నగా దిగి వచ్చి, ఆగకుండా అలాగే నీళ్ళలోకి వెళ్ళిపోతుంది.

ప్రశ్నలుంటే టీ దగ్గర మాట్లాడుకుందాం అండి.